తొమ్మిది సెకన్లు, నలభై ఏళ్లు

1986లో స్టాక్‌హోంలోని ఆధునిక కళల మ్యూజియం మోడెర్నా మ్యూసీట్, స్వీడిష్ ఫొటోగ్రాఫర్ క్రిస్టర్ స్ట్రోమ్‌హోల్మ్ జీవితకాలపు ఫొటోలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అప్పటికే ఆయన శిష్యులు సొంతంగా పేరు తెచ్చుకున్నారు. నలభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్న మనిషి పనికి మ్యూజియం తలుపులు బార్లా తెరిచింది. ఆ ప్రదర్శన పేరు 'నా జీవితంలో 9 సెకన్లు'.

లెక్క కట్టి చూడండి. రాత్రివేళ వీధి దీపాల వెలుతురులో ఫొటో కోసం షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరుచుకుందనుకుందాం. ఆ చొప్పున తొమ్మిది సెకన్లకు 270 ఫొటోలు. మ్యూజియం గోడలు నిండడానికి అవి చాలు. నలభై ఏళ్లలో కెమెరా కన్ను తెరిచి ఉన్నది అంతసేపే అనుకుంటే, మిగతా కాలమంతా ఏమైనట్టు? స్ట్రోమ్‌హోల్మ్ ఫొటోల ముందు నిలబడినప్పుడల్లా నన్ను పట్టుకునే ప్రశ్న ఇదే. ఆ మిగతా కాలం ఎవరి మధ్య, ఎలా గడిపాడన్న దాంట్లోనే ఆయన ఫొటోగ్రఫీ బలమంతా ఉందని నా నమ్మకం.

1959లో ఆయన పారిస్‌లోని ప్లాస్ బ్లాన్ష్ అనే కూడలి దగ్గర మకాం పెట్టాడు. మోంమార్త్ర్ కొండ దిగువన, ఎర్ర గాలిమరతో ప్రపంచమంతా పేరుపడ్డ మూలాన్ రూజ్ క్యాబరే ఉన్నది అక్కడే. చుట్టూ చవక హోటళ్లు, తెల్లవార్లూ తెరిచి ఉండే కేఫ్‌లు, బార్లు. అక్కడ ఆయనకు ట్రాన్స్ మహిళలతో పరిచయమైంది. మగపిల్లలని పుట్టిననాడు కాగితాల్లో రాసేసిన వాళ్లు, ఆడవాళ్లుగా బతకడానికి ఇల్లూ ఊరూ వదిలి పారిస్ చేరిన వాళ్లు. కొందరు క్యాబరేల్లో ఆడిపాడేవారు. చాలామందికి ఒళ్లమ్ముకోవడం తప్ప వేరే దారి దొరకలేదు. రాత్రులు సంపాదించింది కూడబెట్టి, మొరాకోలోని కాసాబ్లాంకాకు వెళ్లి, డాక్టర్ జార్జ్ బురూ చేత ఆపరేషన్ చేయించుకోవాలన్నది వాళ్లలో చాలామంది ఆశ.

ఫ్రాన్స్‌లో అది అధ్యక్షుడు డీగాల్ ఏలుబడి కాలం. 1960లో ఫ్రెంచ్ పార్లమెంటు స్వలింగ సంపర్కాన్ని సామాజిక పీడగా ప్రకటించింది. ఆడబట్టలు కట్టుకుని వీధిలోకి వచ్చిన ట్రాన్స్ మహిళను పోలీసులు ఆపడం, తిట్టడం, స్టేషన్‌కు పట్టుకుపోవడం మామూలు వ్యవహారం. అలాంటి చోట కెమెరా అంటే ఎవరికైనా భయమే. ఫొటో పోలీసుల చేతిలో పడితే సాక్ష్యం, పత్రికలో పడితే నవ్వులపాటు. స్ట్రోమ్‌హోల్మ్ బయటినుంచి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లిపోలేదు. ఆ చవక హోటళ్లలోనే గది తీసుకున్నాడు. వాళ్లలాగే రాత్రిని పగలు చేసుకున్నాడు. వాళ్లతో కలిసి తిన్నాడు, తాగాడు, తెల్లారేదాకా కూడలిలో కూర్చున్నాడు. ఏళ్ల తరబడి అలాగే ఆ చోటికి తిరిగి తిరిగి వచ్చాడు.

ఆ రాత్రి ఫొటోలను కాస్త దగ్గరికెళ్లి చూడాలి. ఫ్లాష్ వెలగలేదు. ఉన్న వెలుతురల్లా నియాన్ బోర్డుది, కేఫ్ అద్దంలోంచి బయటికి పడేది, దాటిపోతున్న కారుది. లెన్స్‌ను బాగా తెరిచి తీయడం వల్ల వెనకనున్న వీధి మొత్తం కరిగి తెల్లటి మచ్చలుగా మిగులుతుంది. ముఖం ఒక్కటే తేటగా నిలబడుతుంది. కనుబొమ్మ మీద దిద్దిన గీత, చెంప మీద పౌడరు, బిగించి దువ్విన జుట్టు అన్నీ కనిపిస్తాయి. అంత తక్కువ వెలుతురులో, అంత నిదానంగా మూసుకునే షట్టర్ ముందు మనిషి తల ఏమాత్రం తిప్పినా బొమ్మ చెదిరిపోతుంది. ఈ ముఖాలు చెదరలేదు. ఫొటోలోని మహిళ ఆయన కోసం కదలకుండా నిలబడింది, నేరుగా లెన్స్‌లోకి చూసింది. పోలీసు కనబడితే పరుగు అందుకోవాల్సిన వీధి అది. అక్కడ ఒక మనిషి ఇంకో మనిషి ఎదుట అంత స్థిమితంగా నిలబడిందంటే, ఆ నమ్మకం కుదరడానికి ఎన్ని రాత్రుల కబుర్లు పట్టి ఉంటాయో!

హోటల్ గదుల్లో తీసినవీ ఉన్నాయి. అద్దం ముందు ఒకరు, మంచం అంచున ఒకరు, పనికి వెళ్లే ముందు తయారవుతూ ఒకరు. 'వింత చూద్దురు రండి' అని జనాన్ని పిలిచే ఫొటో వాటిలో నాకు కనిపించదు. ఆడదానిగా బతుకుతున్న మనిషిని ఆయన ఆడదానిగానే చూశాడు. ఆ రోజుల్లో యూరప్‌లో ఎంతమంది అలా చూడగలిగారు?

ఈ ఫొటోలు పుస్తకంగా రావడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా ఆయన సొంత దేశంలో పెద్ద మార్పే జరిగింది. కాగితాల్లో ఉన్న లింగాన్ని మార్చుకునే హక్కును 1972లోనే స్వీడన్ చట్టం చేసింది. ప్రపంచంలో అలాంటి చట్టం అదే మొదటిది. అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారికే ఆ హక్కు అని మెలిక పెట్టింది. ఆ మెలిక 2013లో గానీ తొలగలేదు. ఇది తెలిసి చూస్తే, ప్లాస్ బ్లాన్ష్ ఫొటోలు గడిచిపోయిన ఏదో కాలపు ముచ్చట్లుగా అనిపించవు.

స్ట్రోమ్‌హోల్మ్ 1918లో స్టాక్‌హోంలో పుట్టాడు. తండ్రి సైనికాధికారి. కొడుకు ఇంకా బడి ఈడులో ఉండగానే ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. కుర్రాడు 1937లో చిత్రకళ నేర్చుకోవడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లాడు. యుద్ధం ముగిశాక పారిస్ చేరి, బ్రష్ వదిలి కెమెరా పట్టాడు. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఒట్టో స్టైనర్ట్ నడిపిన ఫోటోఫార్మ్ బృందంలో క్రిస్టర్ క్రిస్టియన్ అనే మారుపేరుతో కొన్నాళ్లు పనిచేశాడు. వెలుగునీడల ఆకారాలతో ప్రయోగాలు చేసిన బృందం అది. అందమైన ఆకారం దగ్గరే ఆగిపోకుండా మనుషుల వైపు మళ్లడం ఆయన చేసిన మంచి పని.

ఆయన ఫొటోల్లో చావు పదే పదే కనిపిస్తుంది. చచ్చిపడున్న జంతువులు, విరిగిన బొమ్మలు, చిరిగిన పోస్టర్లు, హిరోషిమా మనుషులు. 1965లో స్టాక్‌హోంలోని ఎన్‌కే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పెట్టిన ప్రదర్శనకు 'నా జ్ఞాపకార్థం' అని పేరు పెట్టాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా లేవు. వీటన్నిటినీ తండ్రి మరణంతో ముడిపెట్టి చెప్పడం తేలిక. కానీ అవే చేతులు తీసిన పిల్లల ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తే ఆ ముడి చాలదనిపిస్తుంది. వీధుల్లో ఆడుకునే ఆ పిల్లలు పెద్దవాళ్లకంటే గంభీరంగా, ఎవరికీ లొంగని చూపుతో మనవైపు చూస్తారు.

1967లో వచ్చిన 'పోస్ట్ రెస్టాంట్' పుస్తకంలో ఆయన ఈ ఫొటోలను దేశాలవారీగా గానీ తేదీలవారీగా గానీ పేర్చలేదు. ఒక ఊరి గోడ పక్కన ఇంకో ఖండంలోని ముఖం ఉంటుంది, రెండూ కలిసి మూడో సంగతేదో చెబుతాయి. జీవితకాలపు ప్రదర్శనల్లో నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. పుట్టిన ఏడు మొదలుకుని ఏళ్లవారీగా ఫొటోలు వేలాడదీస్తే చూసేవాళ్లకు సౌకర్యమే, కానీ స్ట్రోమ్‌హోల్మ్ వేసుకున్న జతలు తెగిపోతాయి. ఆయన పనిని ఆయన పేర్చినట్టే చూపించే ధైర్యం మ్యూజియంలకు ఉండాలి.

ఆయన మిగతా కాలంలో పెద్ద వాటా శిష్యులది. స్టాక్‌హోంలో ఆయన నడిపిన ఫోటోస్కోలన్ అనే బడిలో 1962 నుంచి 1974 వరకు దాదాపు 1,200 మంది చదువుకున్నారు. కెన్నెత్ గుస్తావ్‌సన్ అక్కడివాడే. ఆండర్స్ పీటర్సన్ కూడా. హాంబుర్గ్ రేవు దగ్గర నావికులు, తాగుబోతులు, వేశ్యలు చేరే కేఫ్ లేమిట్జ్‌లో పీటర్సన్ ఏళ్లపాటు కూర్చుని, వాళ్లలో ఒకడై ఫొటోలు తీశాడు. వాటిలో ఒకటి 1985లో గాయకుడు టామ్ వెయిట్స్ 'రెయిన్ డాగ్స్' ఆల్బం అట్టమీదికెక్కింది. నలుగురితో కలిసి బతికాకే షట్టర్ నొక్కాలన్న గురువు పద్ధతి శిష్యుడి దగ్గర మరో ఊళ్లో మళ్లీ మొదలైంది.

1997లో ఫొటోగ్రఫీలో ఎంతో గౌరవమున్న హాసెల్‌బ్లాడ్ అవార్డు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. 2002 జనవరిలో ఆయన కన్నుమూశాడు. పదేళ్లకు, 2012లో, న్యూయార్క్‌లోని ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫొటోగ్రఫీ ప్లాస్ బ్లాన్ష్ ఫొటోలను విడిగా ప్రదర్శించింది. అంతకు కాస్త ముందే ఆ పుస్తకం ఫ్రెంచ్, ఇంగ్లిష్ భాషల్లో మళ్లీ అచ్చయింది. ఈసారి అందులో స్ట్రోమ్‌హోల్మ్ మాటలతో పాటు, ఆ ఫొటోల్లో ఉన్న ఇద్దరు మహిళలు తమ కథ తామే రాశారు.