బరువైన కారు వెనకబడలేదేం?

హైటెక్ సిటీ కూడలిలో పచ్చదీపం కోసం రెండు పోర్షె కార్లు పక్కపక్కన ఆగాయనుకుందాం. ఒకటి పెట్రోలుతో నడిచే 911 టర్బో ఎస్ (2020 నమూనా), బరువు 1,640 కిలోలు. రెండోది విద్యుత్తుతో నడిచే టైకాన్ టర్బో ఎస్ (2019 నమూనా), 2,295 కిలోలు. నిశ్చలస్థితి నుంచి గంటకు 100 కి.మీ. వేగం అందుకోవడానికి మొదటిదానికి 2.7 సెకన్లు, రెండోదానికి 2.8 సెకన్లు చాలునని కంపెనీ లెక్క. 650 కిలోలకు పైగా అదనపు బరువుంటే తేడా ఇంతేనా?

గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. దాన్ని 2.8తో భాగించండి. సగటు త్వరణం 9.9 మీ./సె². ఈ అంకె మీకు కొత్త కాదు, మేడ మీది నుంచి జారిన రాయి త్వరణం 9.8 కదా! కారును ముందుకు తోసేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. ఈ రెండు కార్లలోనూ నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. అందువల్ల బరువు పెరిగితే తోపుకు దొరికే ఘర్షణ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. బలాన్ని ద్రవ్యరాశితో భాగించినప్పుడు ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది. టైరు పట్టును మించి ఇంజను తిప్పితే చక్రం జారుతుందే తప్ప కారు ఉరకదు.

100 దాటాక కథ వేరు. అక్కడ త్వరణం సామర్థ్యాన్ని ద్రవ్యరాశి, వేగాల లబ్ధంతో భాగిస్తే వచ్చేది. 100 నుంచి 200కు చేరడానికి 911కు 6.2 సెకన్లు, టైకాన్‌కు 7. బరువు అప్పుడు బయటపడింది!

బ్రేకుకూ ఆధారం ఆ టైరు పట్టే. 100 వేగంలో డ్రైవరు కాలు బ్రేకును చేరే ఒక్క సెకనులోనే కారు 28 మీటర్లు దాటుతుంది. ఆగేసరికి ఇంచుమించు ఇంకో 40. రోడ్డు తడిస్తే ఇంకా ఎక్కువ.