విమానం ఎలా దిగుతుంది?

గుడివాడకు గన్నవరం దగ్గరే. అక్కడ విమానాలు దిగే పొడవాటి బాట ఉంది. దాన్ని రన్‌వే అంటారు. ఇదివరకు అది 2,286 మీటర్లే. రైతులు భూములిచ్చారు. 2021లో 3,360 మీటర్లయింది.

ఇంత పొడవు దేనికి? తడిసిన కరకట్ట మీద సైకిలు జోరుగా పోతోంది. బ్రేకు వేస్తే వెంటనే ఆగుతుందా? ఆగదు, జారుతుంది. విమానమూ అంతే.

చిన్న జెట్ విమానం పొట్టి రన్‌వే మీద కూడా దిగగలదు. అయితే పైలట్ ముందే లెక్క చూసుకోవాలి. కిరాయికి తిరిగే జెట్ అయితే, రన్‌వే నూరు పాళ్లలో అరవై పాళ్లలోపే ఆగగలగాలి. రన్‌వే తడిగా ఉంటే, ఆ పొడవు మీద మరో 15 పాళ్లు ఎక్కువ కావాలి.

గాలికి ఎదురుగా దిగాలి. వేగం పదో వంతు పెరిగితే, ఆగే దూరం ఐదో వంతు పెరుగుతుంది. చక్రాలు రన్‌వే మొదట్లోనే ఆనాలి. అప్పుడు రెక్కల మీది పలకలు లేస్తాయి. బరువు చక్రాల మీద పడుతుంది. బ్రేకులు బాగా పడతాయి.

కుదరకపోతే? మళ్లీ పైకి లేచి, చుట్టి రావాలి. 2010 మే 22న దుబాయి నుంచి మంగుళూరుకు ఒక పెద్ద విమానం వచ్చింది. "పైకి లేపండి" అని రెండో పైలట్ మూడుసార్లు చెప్పాడు. పెద్ద పైలట్ వినలేదు. సగం రన్‌వే దాటాక విమానం నేల తాకింది. లోయలో పడింది. 158 మంది చనిపోయారు.

గాలి ఎక్కువైతే దివిసీమ పడవవాడు రేవుకు తిరిగి వస్తాడు. అది పిరికితనమా? కాదు, తెలివి. పైలట్‌కూ అదే తెలివి కావాలి.