కత్తెర ఎరుగని అల్లిక

నేత వేరు, అల్లిక వేరు. మగ్గం మీద పడుగు నిలువుగా, పేక అడ్డంగా సాగి గుడ్డ అవుతుంది. చేతి అల్లికలో ఒకే పోగు ఉచ్చులో ఉచ్చుగా దూరుతూ ముందుకు పోతుంది. మనం తొడిగే బనియను, మేజోళ్లు, స్వెట్టరు అల్లిక కోవకు చెందినవి. ఈ భేదం తెలిస్తేనే వ్యర్థం ఎక్కడ పుడుతున్నదో బోధపడుతుంది.

బనియను గుడ్డను యంత్రం గొట్టం వలె అల్లుతుంది. దానిని పొరలుగా పరచి, చంకల వద్ద, మెడ వద్ద వంపు తిప్పి కోస్తారు. మనిషి దేహం వంపులు గలది, గుడ్డ తిన్నగా ఉండేది. ఆ రెంటి నడుమ మిగిలేవే పీలికలు. మోటారు షెడ్డులో చేతికంటిన గ్రీజు తుడుచుకొనే ‘బనియను వేస్టు’ అదే. దానికి ఆ పాటి గతి పట్టింది, మంచిదే. కాని ఆ పత్తికి పెట్టిన నీరు, చల్లిన మందు, పట్టించిన రంగు ఒక్క తుడుపుతో ముగిసినట్లే.

కోయకుండా ఆకారం తీయవచ్చునా? చేతి అల్లిక వచ్చినవారికి ఇందులో వింత లేదు. చంక వద్ద ఉచ్చులు తగ్గించడం, వెడల్పు కావలసిన చోట పెంచడం వారెరిగినదే. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్ల అల్లిక యంత్రం నిర్మించాడు. జపానుకు చెందిన షిమా సెయికి సంస్థ 1995లో ఒళ్లు, చేతులు, మెడ అన్నీ అతుకు లేకుండా ఏకంగా అల్లే యంత్రాన్ని లోకానికి చూపింది. అందులో కత్తెరకు దాదాపు పనిలేదు. అయితే యంత్రం ఖరీదైనది, పని నిదానం. అందుచేత చవక బనియను ఇంకా కత్తెర కిందనే పుడుతున్నది.

మన నరసాపురం లేసు ఇదే సూత్రానికి చేతిపని. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ కొక్కెపు సూది అల్లిక గోదావరి డెల్టాలో ఇంటి విద్య అయినది. ఒకరు పువ్వులు అల్లుతారు, మరొకరు అతుకుపని చేస్తారు. తప్పు పడితే పోగు లాగి విప్పి, అదే దారంతో మళ్లీ అల్లుతారు. పారవేయవలసినవి కొసల తుంపులే. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే దారం ఆదా అయినట్లు కూలి పెరగలేదు. ఈ స్త్రీల శ్రమను గృహిణుల తీరికవేళ పనిగా ఎంచి అతి స్వల్పంగా చెల్లించిన తీరును జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. వ్యర్థం లేదని మెచ్చుకొనేటప్పుడు ఆ లెక్క కూడా పక్కన ఉండాలి.

ఇక రంగు. తమిళనాట తిరుప్పూరు బనియన్లకు పేరుపడిన ఊరు. అక్కడి అద్దకశాలల ఉప్పునీరు నొయ్యల్ నదిలో కలిసి, దిగువనున్న ఒరత్తుపాళయం జలాశయాన్ని, పొలాలను చెడగొట్టింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ అద్దకశాలలను మూసివేయవలసిందిగా ఆదేశించింది. మురుగును బొట్టు బయటికి వదలక శుద్ధిచేసి తిరిగి వాడుకోవలసిన నియమం వారికి తప్పనిసరి అయినది. పత్తి నూలుకు ముదురు రంగు పట్టాలంటే రంగూ ఎక్కువే, ఉప్పూ ఎక్కువే. రూపకర్త లేత ఛాయను ఎంచుకున్నా, కొంత భాగాన్ని నూలు సహజవర్ణంతో వదలినా ఆ మేరకు ఏటికి ఉపశమనమే.

ఇంట్లో పాత స్వెట్టరు విప్పదలచిన గృహిణులు ముందుగా లోపలి కుట్టు చూడాలి. ముక్కల అంచులు ఉచ్చులతో ముగిసి ఉంటే పోగు ఏకంగా వస్తుంది. కోసి ఓవర్‌లాకు వేసినదైతే వరుసకొక తునకగా తెగిపోతుంది. దాని జోలికి పోకపోవడమే మేలు. వచ్చిన నూలును చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీట తడిపి నీడన వ్రేలాడదీస్తే మెలికలు తీరి మళ్లీ అల్లికకు వస్తుంది.