త్రాగుడు మానిన మఱునాడు

కొత్తపేట వంటి ఊరిలో ఫలానివాడు త్రాగుడు మానెనన్న వార్త ప్రాకినంత వేగముగ మఱియే శుభవార్తయు ప్రాకదు. చికిత్స ముగించుకొని మూడు నాలుగు వారములకు ఇల్లు చేరినవానికి గుమ్మమునందే దిష్టి తీయుదురు. భార్య మ్రొక్కుబడి చెల్లించుటకు వాడపల్లి వెంకన్నకడకో, మందపల్లి మందేశ్వరునికడకో పయనమగును. ఇరుగుపొరుగువారు వచ్చి, ‘ఇక నీ కష్టములు గట్టెక్కినవమ్మా’ అని పలుకుదురు. పది దినములు గడచును. పదునొకండవనాటి సాయంకాలము ఆఱుగంటలకు ఆతడు వీథియరుగుమీద కూర్చుండి, ఏమి చేయవలయునో తోచక, తన చేతులను తానే చూచుకొనుచుండును. ఆ గడియలో ఆతనికొక దారి చూపువారు ఊరిలో ఒక్కరే యుందురు. వారు పాత జట్టువారు.

మద్యపానమును గూర్చి మనము చేసిన చర్చలలో అధికభాగము దుకాణమును గూర్చినదే. 1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధమును ప్రారంభించెను. మఱుసటియేట అది చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించెను. 1948 నాటికి మన గోదావరి జిల్లాలతోకూడ చెన్నరాష్ట్రమంతటను అమలులోనికి వచ్చెను. 1992 ప్రాంతమున నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు దిద్దుచు, ఆ పాఠములలో తమ బ్రతుకునే చదువుకొని, సారాయి దుకాణముపై దండెత్తిరి. ఆ యుద్యమ ఫలముగ 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. 2019లో దుకాణములు ప్రభుత్వ హస్తగతములయ్యెను. 2024 అక్టోబరులో మఱల ప్రైవేటువారి చేతికి వచ్చెను. ఆ స్త్రీల పోరాటమును తక్కువచేయుట మా యుద్దేశము గాదు. వారు లేనిచో ఈ విషయమును మనము తలంచియైన నుండము. కాని దుకాణము మూతపడిననాడును, తెఱవబడిననాడును, అరుగుమీది మనుష్యుని ప్రశ్నమాత్రము అట్లే నిలిచియున్నది.

మహాత్ముడు ఈ ప్రశ్నను మఱువలేదు. 1941లో ప్రకటించిన నిర్మాణ కార్యక్రమ గ్రంథమున మద్యపాన నిషేధమును గూర్చి వ్రాయుచు, అలసిన కూలివానికి విశ్రాంతియు, చౌకగ దొరకు మంచి ఫలహారమును, తగిన యాటలును లభించు స్థలములను కాంగ్రెసు సంఘములు నెలకొల్పవలెనని ఆయన సూచించెను. ఒకదానిని తీసివేసినచో దాని స్థానమున మఱియొకటి నుంచవలయునన్నదే దాని సారము. మనము తీసివేయుటనుగూర్చి వాదులాడితిమి, ఉంచుటను విడిచితిమి.

మొదట శరీరము మాట. నిత్యము విశేషముగ త్రాగువానిని ఒక్కమాఱుగ మాన్పించి గదిలో పెట్టి తాళము వేయుట కొన్ని యిండ్లలో పౌరుషమని తలంచుచున్నారు. అది ప్రాణాపాయము. రెండు మూడు దినములలో చేతులు వణకుట, మూర్ఛలు, మతిభ్రమణము కలుగవచ్చును, కొందఱు మరణింతురు. వైద్యుని పర్యవేక్షణలో తగిన మందులును, థయామిన్ అను విటమినును ఇచ్చినచో ఈ గండము సాధారణముగ వారము పదిదినములలో గడచును. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యవిభాగము కలదు. 14446 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి సలహా పొందవచ్చును. ఆతనికి తెలియకుండ అన్నములో మందు కలుపుట మఱియొక పొరపాటు. డైసల్ఫిరామ్ వంటి మందు కడుపులోనుండగా, ఆ సంగతి యెఱుగక త్రాగినవాడు ప్రమాదమున పడును. ఎఱుకలేక మానినవాడు నేర్చుకొన్నదియు ఏమియు లేదు.

ఈపాటి వైద్యమైనను పొందువారు ఎందఱు? 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేనుబట్టి దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారు, వీరిలో 5.7 కోట్లమందికి ఈ విషయమున సహాయ మవసరము. మద్యమునకు పూర్తిగ లోబడినవారిలో 38 మందికి ఒక్కడుమాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు తేలెను. ఆ యొక్కడు ఇల్లు చేరిన పిదప మఱల పడిపోయినచో, వానినేకాదు, వానిని చూచి ధైర్యము తెచ్చుకొనదలచినవారిని గూడ మనము కోల్పోవుదుము.

ఆతడేల పడిపోవును? మనము ‘పట్టుదల లేదు’ అందుము. కాని పదునైదేండ్లు త్రాగినవాడు ఆ పదునైదేండ్లలో నేర్వవలసిన చిన్నచిన్న విద్యలను నేర్వలేదు, నేర్చినవానిని మఱచెను. ఇరువదవయేట త్రాగుట కారంభించినవాడు ముప్పదియైదవయేట మేల్కొనునప్పటికి, కాలము గడపుట, డబ్బు వాడుట, కోపము దిగమ్రింగుట, ‘వద్దు’ అనుట అను నాలుగింటను పసివాడుగ నుండును. పసివానికి నడక నేర్పుదుము గాని, పడెనని తిట్టము.

కాలమునే తీసికొందము. మన కోనసీమలో కొబ్బరి దింపు తీయువాడు తెల్లవాఱి చెట్టెక్కి ఎండ ముదురునప్పటికి పని ముగించుకొనును. వరి రైతునకు నాట్లకును కోతలకును నడుమ ఎన్నియో దినములు తీరికయే. ఈ తీరికలోనే వ్యసనము కాపురముండెను. కనుక ఆతడు రాత్రి పండుకొనుటకు ముందు మఱునాటి పనులను గంటలవారీగ కాగితముపై వ్రాసికొనుట మంచిది. అందు సాయంకాలము అయిదుమొదలు ఎనిమిదివఱకు గల కాలము మొట్టమొదట నిండవలయును. పశువులకు మేత, పెరటిలో కూరపాదులకు నీరు, పిల్లలను చదువునకు కూర్చుండబెట్టుట, ఒకపూట వంట, ఏదైనను సరియే. పని గొప్పదిగ నుండనక్కఱలేదు. వేళకు జరిగినచో చాలును. మొదటి వారములలో చేతివణకు పూర్తిగ పోనివానిని చెట్టు మాత్రము ఎక్కనీయరాదు. వలుపుపనియో, నారుమడిపనియో ఇయ్యవలయును.

రెండవది డబ్బు. త్రాగినన్నినాళ్లు ఇంటి తాళపుచెవులు భార్యయో, తల్లియో దాచియుందురు, అది న్యాయమే. కాని మానిన పిదపను జీవితాంతము దాచియుంచినచో ఆతడు తన యింటనే అతిథియగును. ఒక్కమాఱుగ సర్వము అప్పగించుటయు ప్రమాదమే. మొదటివారము సంతసొమ్ము ఇచ్చి, కూరలును చిల్లరయు లెక్కతో తెమ్మనవలయును. అది కుదిరినచో కరెంటు బిల్లు, తరువాత పిల్లల ఫీజు, ఆ తరువాత బ్యాంకుపని. ఒక చిన్న పుస్తకమున రాబడియు పోబడియు ఆతడే వ్రాయవలయును. పాత అప్పులను గూడ, ఎవరికెంతయో సిగ్గుపడక, ఒక పుటలో దించవలయును. వ్రాయని అప్పు రాత్రులందు పెరిగి కనబడును. వ్రాసిన అప్పునకు ఒక హద్దు ఏర్పడును.

మూడవది దేహమును గుర్తెఱుగుట. ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట అను నాలుగును మానినవానికి శత్రువులని ఈ మార్గమున నడచినవారు చెప్పుదురు. త్రాగవలయునను కోరిక పుట్టినప్పుడు, ‘ఈ నాలుగింటిలో నాకేది కలిగినది?’ అని ప్రశ్నించుకొనవలయును. సందెవేళ రెండు ఇడ్డెనలో, గుప్పెడు వేరుసెనగలో తినుటచే తీరిపోవు కోరికలు పెక్కు. నిద్ర వారములకొలది, ఒక్కొక్కప్పుడు నెలలకొలది సరిగ పట్టదు. అది మందు పనిచేయకపోవుట గాదు, మెదడు తిరిగి కుదుటపడుట. కోరిక కెరటమువంటిది. అది లేచును, పొంగును, దానంతట అది విఱుగును. గోదావరిమీద పడవ నడుపువాడు కెరటముతో కలహింపడు. అది దాటువఱకు తెడ్డు విడువడు.

నాలుగవది మాట. సంక్రాంతికి కొత్తపేటలో ప్రభలు లేచును, పరిసరములలో కోడిపందెములు సాగును, బావమఱదులు దూరదేశములనుండి దిగుదురు. ‘ఒక్కరోజునకు ఏమగునురా’ అను మాట అప్పుడే వినవచ్చును. ‘నేడు మందులు వాడుచున్నాను’ అని తప్పించుకొన్నచో ఆ సాకునకు రేపటితో గడువు తీరును. ‘వద్దు బావా, నేను మానివేసినాను’ అని నిలువుగ చెప్పి, అచ్చటనుండి లేచివచ్చుట నేర్వవలయును. ఈ మాటను ఇంటిలో భార్యతోనో, అన్నతోనో ముందుగ పలికి అలవాటు చేసికొనుట నవ్వులాట గాదు. నాటకమాడువాడు రంగమెక్కుటకు ముందు పాఠము వల్లెవేయడా?

ఇంతచేసినను ఒకనాడు కాలుజాఱవచ్చును. 1985లో అమెరికాలో మార్లాట్టు, గోర్డను అను మనస్తత్త్వవేత్తలు ఈ విషయమునే ప్రధానముగ చర్చించి గ్రంథము వెలువరించిరి. జాఱుట వేఱు, పడిపోవుట వేఱని వారి సిద్ధాంతము. ఒక గ్లాసు త్రాగినవాడు ‘ఇక నాపని ముగిసినది’ అని తలంచుటయే తక్కిన సీసానంతటిని త్రాగించును. ఆ రాత్రి ఇంటివారు శాపనార్థములు పెట్టక, మఱునాటి యుదయమున, ‘ఎచ్చట, ఎవరితో, ఏ గంటకు?’ అని అడిగి, ఆ దారిని మూయవలయును.

ఇది ఊహాగానము గాదు. 1935లో అమెరికాలోని ఏక్రను పట్టణమున ఇద్దఱు త్రాగుబోతులు, ఒకడు వ్యాపారవ్యవహర్త, ఒకడు వైద్యుడు, పరస్పరము సంభాషించుకొనుటతో ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము పుట్టెను. 1973లో హంట్, ఎజ్రిన్ అను పరిశోధకులు ఇల్లినాయి రాష్ట్రమున పదునార్గురు రోగులలో ఎనమండ్రకు సామాన్యచికిత్సతోపాటు ఉద్యోగము వెదకుకొనుట, సంసారమును చక్కదిద్దుకొనుట నేర్పిరి. పూర్వము మద్యశాలగనున్న గృహమునే మద్యములేని వినోదమందిరముగ మార్చిరి. ఆ ఎనమండ్రు తక్కినవారికంటె చాల తక్కువ త్రాగిరి, ఎక్కువ దినములు పనిచేసిరి, ఎక్కువకాలము ఇండ్లయందుండిరి. మనకు మఱింత చేరువగ, చెన్నపట్టణమున 1980లో శాంతి రంగనాథన్‌గారు స్థాపించిన సంస్థవారు కావేరీ డెల్టాలోని మంజక్కుడి గ్రామమున పదునైదు దినముల శిబిరములు నడపిరి. వసతియు భోజనమును సమకూర్చుటలో ఊరివారే పాల్గొనిరి. కావేరీ డెల్టాలో సాధ్యమైనది గోదావరీ డెల్టాలో అసాధ్యమగునా?

ఇక చదువరులలో భూవసతి గలవారితో ఒక మాట. మీ తోటలో దింపు తీసినవానికి కూలి ఏ వేళకు ఇచ్చుచున్నారు? దీపాలవేళ చేతిలో నోట్లు పెట్టి పంపుటకును, మధ్యాహ్నమే ఇచ్చుటకో, ఆతని సమ్మతితో బ్యాంకుఖాతాకు పంపుటకో ఎంత వ్యత్యాసమో యోచింపుడు. కోతలు ముగిసిననాడు సీసాలు పంచు అలవాటు ఎచ్చటనైన నున్నచో దానిని బియ్యముగనో, బట్టగనో మార్పుడు. మానివచ్చినవానికి మొదట పని యిచ్చుడు. ఆతని పూర్వచరిత్రను పదిమందిలో తడవకుడు. పట్టణవాసులారా, ఈ వ్యసనము పాకలలో మాత్రమే యున్నదని తలంపకుడు. మేడలో తలుపు వేసికొని త్రాగువానికిని సాయంకాలము ఆఱుగంటలే. ఆతని భార్యకు పొరుగువారితో చెప్పుకొను స్వాతంత్ర్యముగూడ లేదు. పెండ్లివిందులో మద్యము పోయుట గౌరవమన్న భ్రమను మొదట మేడలే విడువవలయును.

ఊరిలో గ్రంథాలయమో, పాఠశాలలో ఒక గదియో, గుడియరుగో సాయంకాలము రెండు గంటలు మానినవారికొఱకు తెఱచియుంచుటకు ఎంత సొమ్ము కావలయును? ఒక దీపము, ఒక పత్రిక, చదరంగపు బల్ల, వేడి తేనీరు చాలును. అందు ముందుగ మానినవాడు వెనుక మానినవానికి తన కథ చెప్పును.

దుకాణము తెఱచియుండు వేళలను నిర్ణయించుట ప్రభుత్వముల పని. మన వాకిలి తెఱచియుండు వేళను నిర్ణయించుట మన పని. నేటి సాయంకాలము ఆఱుగంటలకు మీ వీథిలో అట్టివాడొకడు అరుగుమీద కూర్చుండియుండును. ఆతనిని పేరుపెట్టి పిలిచి, ఒక పని చెప్పుడు.