గుర్రం పొట్టలో కుంపటి

లడఖ్‌లోని జాన్‌స్కార్ గుర్రాలు సున్నాకు 20 డిగ్రీలు దిగువనున్న చలిని కూడా తట్టుకొంటాయి. ఎలాగో తెలుసా? వాటి కుంపటి పొట్టలోనే ఉంది!

గడ్డిలోని పీచును పెద్దపేగు మొదట సంచిలా ఉండే అంధనాళంలోను, ఆ తరువాతి భాగంలోను సూక్ష్మజీవులు పులియబెడతాయి. అప్పుడు వేడి పుడుతుంది. గింజలు చాలావరకు చిన్నపేగులోనే జీర్ణమవుతాయి. కనుక అంత వేడి పుట్టదు. అందుకే చలి ముదిరినప్పుడు పెంచవలసింది గింజల దాణా కాదు, ఎండుగడ్డి. మామూలుగా నూరు కిలోల శరీర బరువుకు రోజుకు సుమారు 2 కిలోల మేత కావాలి.

మరి నీరో? మంచులా చల్లగా ఉంటే గుర్రం తక్కువ తాగుతుంది. అప్పుడు ఎండుమేత పేగులో అడ్డుపడి శూలనొప్పి వస్తుంది, ప్రాణమే పోవచ్చు. కాబట్టి నీటిని కాస్త వెచ్చచేసి పెట్టాలి. కుంపటి రగలాలంటే గడ్డి ఎంత అవసరమో, నీరూ అంతే అవసరం.