మోటారు రంపానికి గొలుసు ఎంపిక, పదును

సింగ్‌భూమ్ సాల కలప ఎంత గట్టిదో సిద్ధగోరాలోని మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మీరు అప్పు చేసి కొన్న మోటారు రంపం అటువంటి కలపకు ఎన్నాళ్ళు ఆగుతుందనేది ఇంజనుతో పాటు గొలుసుపైనా ఆధారపడి ఉంటుంది. మొద్దుబారిన గొలుసును బలవంతాన నొక్కి కోస్తే పెట్రోలు వృథా అవుతుంది, బారు త్వరగా అరుగుతుంది.

గొలుసు కొనేటప్పుడు పిచ్, గేజి, బారు గాడిలో దిగే డ్రైవ్ లింకుల సంఖ్య, ఈ మూడింటినీ సరిచూసుకోవాలి. పాత గొలుసును, బారును చూడకుండా డీలర్లు కొత్తది ఇవ్వరాదు. ఎండిన, మట్టి అంటిన కలపకు గుండ్రని మూల గల పళ్ళే మేలు. కోత కాస్త నిదానమైనా పదును నిలుస్తుంది. (కలప తొలిచే పురుగు దవడలను 1946లో గమనించి, ఈ పళ్ళకు రూపమిచ్చినవాడు అమెరికాకు చెందిన జోసెఫ్ కాక్స్.)

పేళ్ళకు బదులు పొడి రాలుతుంటే పదును పోయినట్లే. ఇంజను ఆపి, చేతి తొడుగులు ధరించి ఆకురాయి పట్టండి. .325 అంగుళాల పిచ్‌కు 4.8 మి.మీ. గుండ్రని ఆకురాయి, సాధారణంగా 30 డిగ్రీల కోణం సరిపోతాయి. పంటి లోపలి నుండి వెలుపలికి మాత్రమే తోయాలి. అన్ని పళ్ళకూ సమానంగా తోయకపోతే కోత ఒక ప్రక్కకు పోతుంది. పంటి ముందున్న డెప్త్ గేజి, పంటి అంచు కంటే సుమారు 0.65 మి.మీ. దిగువన ఉంటే చాలు; అంతకు మించి అరగదీస్తే రంపం వెనక్కి తన్నే ప్రమాదం పెరుగుతుంది.