దవడయెముకను మరల మొలపించుట

ఎముక ఎండుకట్టె కాదు, జీవమున్న ధాతువు. విరిగిన ఎముక అతుకుకొనును. కాని నడుమ పెద్ద భాగమే లోపించినచో ఆ యెడమును తనంతట పూడ్చుకొనజాలదు.

కుక్క క్రిందిదవడలో కంతి పుట్టినప్పుడు వైద్యులు దానిని ఎముకతో గూడ కోసివేయుదురు. ప్రాణము దక్కును, అయినను మిగిలిన దవడ ప్రక్కకు ఒరిగి, పళ్లపొందిక చెడి, నములుట కష్టమగును.

అమెరికాలోని డేవిస్ నగరమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు వెర్‌స్ట్రేట్, ఆర్జి మున్నగువారు దీనికొక చికిత్స నెరపి, 2015లో వివరములు ప్రకటించిరి. పల్లెవాడనగుటచే నాకది సేద్యమువలె తోచినది. దవడకొనలను కదలనీయని టైటానియపు పలక గట్టు. ఎడములో నుంచిన స్పంజివంటి పదార్థము నేల. విత్తనములు చుట్టునున్న జీవకణములే. వానిని ఎముకగా మొలపించు వాన, ఆ స్పంజికి పట్టించిన ఒక మాంసకృత్తు. ఎముకయందే ఇట్టి ప్రేరకశక్తి గలదని 1965లో మార్షల్ యూరిస్ట్ అను వైద్యుడు చూపియుండెను. కొలది వారములలోనే క్రొత్తయెముక చేతికి తగులును.

ఇంతటి చికిత్స మన యూరికి అందకపోవచ్చును. కంతిని చిన్నదిగా నున్నప్పుడే కనిపెట్టుట మన చేతిలోనిదే. నోరులేని జీవము నొప్పి చెప్పజాలదు. చొంగ కారినను, మేత తగ్గినను, దవడ వాచినను జాగు సేయక పశువైద్యునకు చూపుడు.